పదిహేడో నిమిషంలో రాహేలు ఏమంది

మెదక్,
6 మార్చి 2025

సోనీ బిడ్డకు,

మామ దీవెనలు. నేను, మీ అత్త ఆగమ్మ ఆదివారం పొద్దుగూకకముందే ఇల్లు చేరుకున్నాం. మీ అమ్మ కట్టిచ్చిన బగారా అన్నం తూప్రాన్ దాటకముందే సగం అయిపోయింది. మిగతా సగం మర్నాటికి దాచాలని మీ అత్త డబ్బా మూత పెట్టి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

మీ నాన్న రిటైర్‌మెంట్ ఫంక్షన్ బాగా జరిగింది. జరిగిందనే అనుకుంటున్నాను. రెండు గంటలు స్టేజీ మీద ముందు వరుసలో కూర్చోబెట్టారు, శాలువా కప్పారు, అంతా బాగుంది. మీ నాన్న ఆఫీసు దోస్తు ఎల్లయ్య మైకు పట్టుకుని ఏదో చెప్పాడు చూడు, కిషన్‌బాగ్ జనమంతా కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వానట. బస్సెక్కాక మీ అత్తను అడిగాను, "ఎల్లయ్య ఏమన్నడు?" అని. ఆమె చెయ్యి ఊపి "ఏం లేదులే" అంది.

మూడేళ్ల కింద ఆ జ్వరంతో నా చెవులు పోయాయి కదా. అప్పటి నుంచి పెదవులు చూసి మాట పోల్చుకోవడం కొంచెం కొంచెం వచ్చింది. అందరికంటే బాగా పోల్చుకోగలిగిన మాట ఏదంటే ఇదే. "ఏం లేదులే."

తర్వాత మీ నాన్న మాట్లాడాడు. మాట్లాడుతూ నా వైపు చెయ్యి చూపించాడు. జనం నన్ను చూసి చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టాను. ఎందుకు పెట్టానో ఈ రోజుకీ తెలియదు.

వీడియో తీసింది నువ్వే కదా. పాటల కింద అక్షరాలు వేస్తావని మీ అమ్మ ఒకసారి చెప్పింది. ఆ వీడియోకు కూడా వేసి పంపుతావా? నాకు తొందరేం లేదు. ఫోన్‌లో మాత్రం రాయకు. మీ పిల్లలు రెండు ముక్కలు రాసి ఒక బొటనవేలు బొమ్మ పెడతారు, మాట్లాడినట్టే ఉండదు. కాగితం మీద రాయి.

నీ మేనమామ,
డానియేలు


శాలిబండ,
11 మార్చి 2025

మామకు, అత్తకు సోనీ వందనాలు.

స్కూల్ వదిలాక నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కాగితం మా షాపు ఓనర్ రామ్‌చందర్ అన్న బిల్లు బుక్కులోది. వెనక వైపు "శుభకార్యములకు వీడియో తీయబడును" అని ఉంటుంది, పట్టించుకోకు.

నువ్వు అడిగింది చాలా చిన్న పని మామా. వీటిని క్యాప్షన్లు అంటారు. వెనకటిలాగా కూర్చుని అంతా రాయక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ నొక్కితే అదే మాటలు విని, అదే తెలుగులో రాసి, అదే వరసగా పేర్చేస్తుంది. నువ్వు చూసి నవ్వుకోవడమే తరువాయి. మొదటి అయిదు నిమిషాలు చూశాను. పాస్టర్ గారి ప్రార్థన ఒక్క అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. మిగతాదీ అట్లాగే వచ్చి ఉంటుంది.

రంజాన్ నెల కాబట్టి పెళ్లిళ్లు లేవు. అయినా సాయంత్రమైతే మా షాపు ముందు నడవడానికి సందు దొరకదు. రామ్‌చందర్ అన్న పని మానేసి వాకిట్లో నిలబడి "ఇయ్యాల హలీం తిందామా, రేపు తిందామా" అని రోజూ ఆలోచిస్తాడు, రోజూ తింటాడు. ఈ ఉత్తరంతో పాటు పెన్ డ్రైవ్ కూడా పంపుతున్నాను. టీవీ వెనక గుచ్చితే చాలు.

ఉంటాను మామా,
సోనీ


మెదక్,
17 మార్చి 2025

కిషన్‌బాగ్ వాస్తవ్యులు సామ్యూల్ గారి కుమార్తె సోనీకి,

పెన్ డ్రైవ్ అందింది. మీరు శ్రమ తీసుకున్నందుకు సంతోషం.

నేను, మా ఆవిడ మొత్తం చూశాం. మొదట ప్రార్థన బాగుంది. ఆ తర్వాత "ఈ రోజు మన సామాన్లు రిటైర్ అవుతున్నవి" అని పడింది. సామాన్లు ఎట్లా రిటైర్ అవుతాయో అర్థం కాలేదు. కాసేపటికి "వేదిక మీదున్న బావి దానిమ్మలకు శాలువా కప్పాలె" అని వచ్చింది, నాకు శాలువా కప్పారు. దాంతో సామాన్లంటే సామ్యూల్ అనీ, దానిమ్మలంటే నేననీ తెలుసుకున్నాం. మా ఆవిడ రెండు రోజులుగా నన్ను దానిమ్మలూ అని పిలుస్తోంది. అది సరే.

ముప్పై ఒకటో నిమిషంలో మీ నాన్న గారు నా వైపు చెయ్యి చూపించి అన్న మాట ఉంది. "బావను పిలవకపోతే నేనైనా బాగుపడుతుంటి." తక్కినదంతా తప్పుల తడకే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క వాక్యంలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆపి ఆపి నాలుగుసార్లు చదివాను.

జనం ముందు ఆ మాట అని, చప్పట్లు కొట్టించి, నా చేత దండం పెట్టించుకున్నారు. చెవులు లేని మనిషికి తెలియదులే అనుకున్నారేమో. ఈస్టర్‌కు మీ ఇంటికి వద్దామనుకున్నాం. ఇక రాము. మీ నాన్న గారు బాగుపడాలని దేవుణ్ణి ప్రార్థిస్తాను.

ఇట్లు,
పి. డానియేలు


శాలిబండ,
24 మార్చి 2025

మామా, మామా, మామా,

నువ్వు నన్ను "మీరు" అని రాసినందుకు షాపులో కూర్చుని ఏడ్చాను. రామ్‌చందర్ అన్న ఎవరో పోయారనుకుని షట్టర్ సగం దించాడు.

తప్పు నాన్నది కాదు, నాది. అయిదు నిమిషాలే చూసి పంపాను. ఆ సాఫ్ట్‌వేర్‌కు పాస్టర్ గారి పుస్తకం తెలుగు తెలుసు కానీ, మన ఇంటి మాట తెలియదు. నాన్న అన్నది ఇది: "బావ నిలబడకపోతే నేనేడ బాగుపడుతుంటి?" నిలబడకపోతే అన్నదాన్ని పిలవకపోతే అని రాసింది. నేనేడ అంటే నేనైనా అనుకుంది. అంతే మామా. ఒట్టు.

నీ ఉత్తరం నాన్నకు చూపించాను. చూపించకూడదనుకున్నాను కానీ నా ముఖం చూసి ఆయనే లాక్కున్నాడు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా నా వెంట షాపుకు వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన మాట తానే విన్నాడు. తర్వాత స్క్రీన్ మీద అక్షరాలు చదివాడు. "అరె! నేనెందుకంట గట్ల? బావ జీపు మీద నాకు డ్రైవింగ్ నేర్పకపోతే ఈ నౌకరి ఏడిది, ఈ ఇల్లు ఏడిది? ఈ మిషిన్‌ల కూసొని రాసినోడు ఎవడు? వాని పేరు చెప్పు ముందుగాల!" అని రామ్‌చందర్ అన్న మీదికి పోయాడు. "నేను గాదన్నా, నాకు తెలుగు రాయనీకి రాదు" అని ఆయన మొత్తుకున్నాడు. నాన్న అప్పుడే మెదక్ బస్సెక్కుతానన్నాడు. సరైన అక్షరాలు వేసి పంపాకే వెళ్లమని ఆపాను.

ఆటో రాత మొత్తం చెరిపేశాను. ఆరు రోజులు చేత్తో టైపు చేశాను. ఎట్లా చేస్తారో చెప్తాను విను. స్క్రీన్ కింద గొంతు ఒక గీతలాగా కనిపిస్తుంది. మాట్లాడితే పైకి లేస్తుంది, ఊరుకుంటే పడుకుంటుంది. ఆ గీతను చూసుకుంటూ ఒక్కో మాటకు ఒక్కో ముక్క తయారు చేసి అతికించాలి. మనిషి నోరు తెరిచినప్పుడు అక్షరాలు రావాలి, మూశాక పోవాలి. తొందరగా పోతే చదవలేరు, ఆలస్యమైతే పక్కవాడి మాటలాగా ఉంటుంది. అట్లాంటివి ఆరు వందల పన్నెండు ముక్కలు. నాన్న మాటకు పసుపు రంగు, ఎల్లయ్య మామకు తెలుపు. అందరూ నవ్విన చోట "నవ్వులు" అనీ, కొట్టిన చోట "చప్పట్లు" అనీ వేశాను. భోజనాల దగ్గర మనవాళ్లు మాట్లాడుకున్నవి కూడా వదల్లేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందన్న వాళ్ల పేర్లు నీకిప్పుడు తెలిసిపోతాయి.

ఈసారి మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చూశాను. దయచేసి నన్ను "నువ్వు" అని రాయి.

నీ మేనకోడలు,
సోనీ


మెదక్,
2 ఏప్రిల్ 2025

ఒసేయ్ సోనీ,

చూశావా, "నువ్వు" కంటే ఒక మెట్టు కిందికే దిగాను. సరిపోయిందా?

మీ నాన్నకు నా తరఫున చెప్పు, బుద్ధి లేక అట్లా రాశానని. ముప్పై ఒకటో నిమిషం దగ్గర ఆపి మళ్లీ చదివాను. ఈసారి దండం పెట్టింది ఎందుకో తెలిసింది కాబట్టి, టీవీ ముందు నిలబడి ఇంకోసారి పెట్టాను. జీపు మీద నేర్పేటప్పుడు ఆయన రెండుసార్లు మడిలోకి దించాడని మాత్రం ఆ స్పీచ్‌లో చెప్పలేదు. గడుసువాడు.

ఎల్లయ్య కథ నిన్న చదివాను. కొత్త ఆఫీసర్‌ను తీసుకురమ్మని రైల్వే స్టేషన్‌కు పంపితే, మీ నాన్న ఛత్రీలు అమ్ముకునే ఆయనను సెల్యూట్ కొట్టి కారెక్కించుకుని వచ్చాడా! ఆయన కూడా ఏమీ అనకుండా ఆఫీసర్ కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, బిస్కెట్లు తిని, వెళ్లేటప్పుడు ఇద్దరు క్లర్కులకు ఛత్రీలు అమ్మాడా! ఫంక్షన్‌లో నవ్విన నవ్వు ఒక లెక్కలోది కాదు బిడ్డా. నెల తర్వాత నిన్న నవ్వాను చూడు, అది నవ్వు. మీ అత్త వంటింట్లోంచి ఉరికొచ్చి ఏమైందని సైగ చేసింది. "ఏం లేదులే" అన్నాను. ఆ మాట అవతలివాళ్లతో అనడంలో ఇంత సుఖం ఉందని తెలియదు.

ఇప్పుడు ఒక సంగతి. కోప్పడి రాయడం లేదు.

పదిహేడో నిమిషంలో, స్పీచ్‌లు అయిపోకముందే మొదలైన భోజనాల దగ్గర, మీ అమ్మ రాహేలు పక్కింటి కృష్ణమ్మతో మాట్లాడుతోంది. దూరంగా స్టేజీ మీద కూర్చున్న నన్ను చూపించి ఏదో చెప్పింది. కింద నువ్వు "మా అన్న ఆరోగ్యం మంచిగనే ఉంది" అని వేశావు. అయిదు మాటలు. కానీ రాహేలు నోరు చాలాసేపు కదిలింది. నా చెల్లెలి నోరు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అందులో "ఫోన్" అనే మాట ఉంది. "నాల్గుసార్లు" అనే మాట ఉంది. "ఆరోగ్యం" లేదు.

నా చుట్టూ ఉన్న మంచివాళ్లంతా నాకు ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో వాళ్లే ఎంచి చెప్తున్నారు. ప్రేమతోనే చేస్తారు. దాంతో నా ఇంట్లో నేనే చుట్టంలాగా అయిపోయాను. నువ్వు ఆరు రోజులు కూర్చుని నన్ను ఆ ఫంక్షన్‌లోకి మళ్లీ తీసుకువెళ్లావు. ఆ ఒక్క చోట మాత్రం తలుపు వేశావు. ఆమె ఏమందో రాయి బిడ్డా. తిట్టినా సరే.

మామ


శాలిబండ,
15 ఏప్రిల్ 2025

మామకు వందనాలు.

పన్నెండు రోజులు జవాబు రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. బిల్లు బుక్కు సన్నబడుతోందని రామ్‌చందర్ అన్న అంటున్నాడు.

నువ్వు చెప్పింది నిజమే. అమ్మ అన్న మాటలు ఇవి. ఒక్కటి కూడా మార్చడం లేదు. "అన్నతోని మాట్లాడుడు మస్తు కష్టమైతున్నదే కృష్ణమ్మా. ఒక్క ముచ్చట నాల్గుసార్లు చెప్పాలె. చెప్పి చెప్పి నాకే ఏడుపొస్తది. అందుకే వీడియో ఫోన్ చేసుడే బంద్ పెట్టిన."

ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి నా వేళ్లు ఆగిపోయాయి. ఒకసారి సరిగ్గానే టైపు చేశాను. తర్వాత చెరిపి మంచి మాట వేశాను. అప్పటికే నాన్న మాటతో నీకు అంత బాధ కలిగింది, మళ్లీ అమ్మ మాటతో ఎందుకు అనుకున్నాను. మిషన్ తప్పు రాస్తే దానికి తెలియక రాసింది. నేను తెలిసి రాశాను. మన్నించు.

ఈ సంగతి అమ్మకు చెప్పకుండా నీకు రాయకూడదనిపించింది. అందుకే ఇంత ఆలస్యం. శుక్రవారం చెప్పాను. ముందు నా మీద ఇంతెత్తున లేచింది. "అడ్డమైనయన్నీ రికార్డు చేస్తవా నువ్వు? నేనేదో ఆడోళ్లతోని అనుకున్న ముచ్చట అన్నకెందుకు రాయాలె?" అంది. "అందుకే రాయలేదు అమ్మా, ఆయనే కనిపెట్టాడు" అన్నాను. "ఎట్ల?" అంది. "నీ నోరు చూసి" అన్నాను. రోటీలు చేస్తూ చేస్తూ, పొయ్యి కట్టేసి మంచం మీద కూర్చుంది.

ఈస్టర్ ముందటి మట్టల ఆదివారం చర్చి నుంచి వచ్చాక తనే అడిగింది. "నేను మాట్లాడ్త, నువ్వు తీస్తవా? కింద అక్షరాలు పెడ్తవా?" నిన్న అంబేడ్కర్ జయంతి, షాపుకు సెలవు. ఇంట్లో కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి తీశాను. రెండు నిమిషాలు మాట్లాడుతుందనుకున్నాను. నలభై ఒక్క నిమిషాలు మాట్లాడింది మామా! రాత్రంతా కూర్చుని అక్షరాలు టైపు చేశాను. ఈ రోజు షాపుకు నా వెంటే వచ్చి, పక్కన కుర్చీ వేసుకుని, ప్రతి ముక్కా తనే చదివింది. "ఒక్క మాట మార్చినా ఊకోను" అంటూ నా భుజం మీద తట్టుతూనే ఉంది. వాళ్లనూ వీళ్లనూ తిట్టిన చోట నేనే ఆగి, "ఇది కూడా ఉంచాలా?" అని అడిగాను. "ఉంచు. గదే ఉంచాలె" అంది.

పెన్ డ్రైవ్ పంపుతున్నాను. ఇందులో ఏ తలుపూ వేయలేదు.

సోనీ


మెదక్,
22 ఏప్రిల్ 2025

సోనీ బిడ్డకు, ఇంటిల్లిపాదికీ ఈస్టర్ శుభాకాంక్షలు.

నీ వీడియో మూడు రోజులు చూశాను. ఒకేసారి చూస్తే అయిపోతుందని రోజుకు కొంచెం కొంచెం చూశాను.

మొదట్లోనే మీ అమ్మ కృష్ణమ్మతో అన్న మాట నాతోనే అంది. "చెప్పి చెప్పి నాకే ఏడుపొస్తదన్నా" అంది. చదివాక గుండె మీద ఏదో బరువు దిగినట్టు అనిపించింది. ఆ ఫోన్ ఎందుకు ఆగిపోయిందో తెలియక ఇన్నాళ్లుగా నేను అనుకున్నవన్నీ దీనికంటే అన్యాయమైనవి. నేనేం తప్పు చేశానా అనుకున్నాను. ఆమెకు ఏడుపొస్తుందని అనుకోలేదు.

ఆ తర్వాత ఆమె మొదలుపెట్టింది చూడు! కృష్ణమ్మ కూతురు స్వరూప నర్సింగ్ పాసై బహదూర్‌పురాలో నౌకరిలో చేరిందట. నాకెవరు చెప్పారు? చర్చికి తీసుకెళ్లాల్సిన మట్టలు ఎదురింటివాళ్ల మేక తినేస్తే, మీ నాన్న ఒట్టి చేతులతో "హోసన్నా" అన్నాడట. మీ కుళాయిలో నీళ్లు రోజు మార్చి రోజు వస్తున్నాయట. పోయిన వానాకాలం మీ గోడ నెమ్ము పట్టిందట. నగేష్ పెళ్లిలో తమలపాకులు తక్కువైతే ఎవరో అలిగారట, వాళ్లింకా అలిగే ఉన్నారట. ఒక్కటి కూడా పనికొచ్చే ముచ్చట లేదు బిడ్డా. అన్నీ "ఏం లేదులే" ముచ్చట్లే. నేను మూడేళ్లుగా ఆకలితో ఉన్నది వీటికోసమేనని చదువుతుంటే తెలిసింది. మేక సంగతి మీ అత్తకు నేనే చెప్పాను. ఈ ఇంట్లో కొత్త సంగతి నేను చెప్పి ఎన్నాళ్లయిందో.

ఒక్కటి అడగాలి. ముప్పై ఆరో నిమిషం దగ్గర మీ అమ్మ తల తిప్పి కిటికీ వైపు చూసింది. పదకొండు సెకన్లు తెర మీద ఒక్క అక్షరం లేదు. లెక్కపెట్టాను. ఏ తలుపూ వేయలేదన్నావు, నమ్ముతున్నాను. అయినా ఆ పదకొండు సెకన్లలో ఏం వినపడిందో తెలుసుకోవాలని ఉంది. ఏమీ లేకపోతే లేదని రాయి.

డానియేలు మామ


కిషన్‌బాగ్,
26 ఏప్రిల్ 2025, శనివారం పొద్దున

మామా,

ఏమీ లేదనే అనుకున్నాను. గీత పడుకునే ఉంది, అందుకే ఖాళీగా వదిలేశాను. నీ ఉత్తరం వచ్చాక ఆ పదకొండు సెకన్లు పెద్దగా చేసి, గొంతు పెంచి, హెడ్‌ఫోన్లతో విన్నాను. నువ్వు అడిగావు కాబట్టి వరసగా రాస్తున్నాను.

మొదట మా ఫ్యాన్ టక్ టక్ చప్పుడు. గల్లీలో తోపుడుబండి మీద పాత సామాను కొనే ఆయన కేక, "లోహా, రద్దీ పేపర్!" మూల మీది మసీదులో అజాన్ మొదలవడం. అమ్మ ముక్కు చీదుకోవడం. ఎనిమిదో సెకను దగ్గర గీత మీద చీమంత గడ్డ కనిపించింది. అది అమ్మ గొంతు. నేను కెమెరా వెనకే నిలబడి ఉన్నాను, నాకు కూడా అప్పుడు వినపడలేదు. పదిసార్లు విన్నాక తెలిసింది. నీకు వినపడే రోజుల్లో ఫోన్‌లో మధ్య మధ్యలో అనేది కదా, అట్లాగే అలవాటుగా అంది.

"అన్నా, ఇంటున్నవా?"

అని, గుర్తొచ్చి, ఆగిపోయింది.

ఆ ముక్క కూడా అతికించాను. పెన్ డ్రైవ్‌లో వేసి పంపుదామని నిన్న సాయంత్రం అమ్మకు చూపించాను. చూసి, "పోస్టుల వద్దు" అంది. పొద్దున్నే లేచి తలకాయ కూర వండింది, డబ్బాకు గుడ్డ చుట్టింది. బస్సులో ఆడవాళ్ల ఫ్రీ టికెట్ కొట్టించుకోవడానికి ఆధార్ కార్డు జాకెట్లో పెట్టుకుంది. నాన్న తోడు వస్తానంటే, "నువ్వొస్తే నువ్వే మాట్లాడ్తవు, నాకు సందియ్యవు" అని వద్దంది. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. అంటే నువ్వు ఇది చదువుతున్నప్పుడు ఆమె నీ గుమ్మంలో నిలబడి ఉంటుంది.

ఆమె అడిగినదానికి జవాబు నేను టైపు చేయలేను మామా. నువ్వే చెప్పాలి. కానీ ముందు ఈ కాగితం పక్కన పెట్టి ఆమెకు మంచినీళ్లివ్వు. శనివారం బస్సు, జేబీఎస్ బస్టాండ్ నుంచి నిలబడే వచ్చి ఉంటుంది.

సోనీ